స్కూబాలో అందరికీ ఒకటే సెటప్పా, ఎవరి సెటప్ వాళ్లదా?

ఈరోజు ఎపిసోడ్ నీళ్ల కింద జరిగేదే అయినా, మొదలు మాత్రం బండి దగ్గర పెడతాను.

పాత బుల్లెట్ ఎప్పుడైనా నడిపారా? మా పెదనాన్నకి ఒకటి ఉండేది. దానికి గేరు కుడికాలి వైపు, బ్రేకు ఎడమకాలి వైపు. ఇప్పుడు మనం నడిపే బళ్లన్నిటికీ పూర్తి ఉల్టా. ఇంటర్ చదివే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయన పడుకున్నాక తాళం తీసుకుని బయల్దేరాను. ఖాళీ రోడ్డు మీద బాగానే వెళ్లాను. సందు మలుపులో గేదె అడ్డం వచ్చింది. నా కుడికాలు ఠక్కున బ్రేకు తొక్కింది. అక్కడ ఉన్నది గేరు. గేదెకి ఏమీ కాలేదు, నాకూ పెద్దగా కాలేదు, బుల్లెట్ హెడ్‌లైట్ పోయింది, ఆ తర్వాత ఇంట్లో జరిగింది ఈ వీడియోకి అనవసరం. బ్రేకు ఎడమవైపు ఉందని నా బుర్రకి తెలుసు. కాలికి తెలీదు. భయం వేసినప్పుడు పని చేసింది కాలు.

అదే బండి మీద అద్దం ఎవరి ఎత్తుకి తగ్గట్టు వాళ్లు తిప్పుకుంటారు. హ్యాండిల్ ఎత్తు మార్పించుకుంటారు, సీటు మెత్తగా కుట్టించుకుంటారు. దాని గురించి ఎవరూ గొడవ పడరు. బ్రేకు ఎక్కడ ఉండాలి అనేది మాత్రం ఎవరి ఇష్టం వాళ్లది అంటే కుదరదు. స్కూబా డైవింగ్‌లో కొన్ని దశాబ్దాలుగా సాగుతున్న పెద్ద గొడవ ఇదే. ఏది అద్దం, ఏది బ్రేకు?

ముందే చెప్తున్నా, నేను ఇన్‌స్ట్రక్టర్‌ని కాదు. కోర్సు చేసి, సెలవు, డబ్బు రెండూ ఒకేసారి దొరికినప్పుడు డైవింగ్‌కి వెళ్లే మనిషిని. ఈ వీడియో చూసి ఎవరూ నీళ్లలో దూకొద్దు. నేర్పేవాళ్ల దగ్గర నేర్చుకోండి.

అండమాన్‌లోనో, మురుడేశ్వర్ దగ్గర నేత్రాణిలోనో, మన వైజాగ్‌లోనో ఒకసారి ట్రై చేసినవాళ్లకి సామాన్లు గుర్తుంటాయి. తెలియనివాళ్ల కోసం గబగబా చెప్పేస్తాను. వీపు మీద సిలిండర్. నిండుగా ఉంటే లోపల సుమారు 200 బార్ ఒత్తిడి. దాని మూతికి బిగించిన ముక్క ఆ ఒత్తిడిని తగ్గించి గొట్టాల్లోకి పంపుతుంది. ఒక గొట్టం నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్‌కి. ఇంకోటి అదనపు రెగ్యులేటర్‌కి, దాన్ని ఆక్టోపస్ అంటారు, మామూలుగా పసుపు రంగులో ఉంటుంది. మూడోది ఒంటి మీద వేసుకున్న జాకెట్‌లోకి గాలి నింపడానికి. నాలుగోది ఎంత గాలి మిగిలిందో చూపించే గేజ్‌కి. నోటి రెగ్యులేటర్ కుడి భుజం మీదుగా వస్తుంది, జాకెట్ గాలి బటన్ ఎడమ భుజం మీద ఉంటుంది. మాల్దీవుల్లో అయినా, ఈజిప్టులో అయినా ఇదే లెక్క. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లకి కూడా ఇదే. పాపం వాళ్లని ఎవరూ అడగలేదు, కానీ మంచే జరిగింది. ఎవరి పక్కన మునిగినా ఎదుటి మనిషి సామాను ఎటువైపు ఉందో వాళ్లకి తెలుసు.

చేతి సైగలు కూడా అంతే. బొటనవేలు పైకి చూపిస్తే మనకి లైక్. నీళ్లలో దాని అర్థం ‘పైకి వెళ్దాం, డైవ్ అయిపోయింది’. మొదటిసారి వెళ్లిన మన కుర్రాళ్లు చేప బాగుందని బొటనవేలు చూపిస్తారు, డైవ్ మాస్టర్ వాళ్లని పైకి తీసుకుపోతాడు. బాగుంది అనడానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. తల అడ్డంగా ఊపి ‘ఆఁ ఆఁ’ అనే మన పద్ధతి అక్కడ ఎవరికీ అర్థం కాదు. గొంతు మీద అడ్డంగా చెయ్యి లాగితే గాలి అయిపోయింది అని. ఈ ఒక్క సైగ దగ్గరే ఇవాళ్టి అసలు విషయం ఉంది.

నాకు జరిగింది చెప్తాను. ఊరి పేరు, షాపు పేరు వద్దు. కోర్సు అయిన రెండో ఏడాది ఫ్రెండ్‌తో కలిసి ట్రిప్‌కి వెళ్లాను. వాడికి చెవి నొప్పి వచ్చి పడవలోనే ఉండిపోయాడు. నాకు వేరే బడ్డీని ఇచ్చారు. బడ్డీ అంటే జంట డైవర్. నీళ్లలో ఒకరికొకరు తోడు అన్నమాట. ఆయన నాకంటే వయసులో పెద్ద, నాకంటే చాలా ఎక్కువ డైవ్‌లు చేసిన మనిషి. సామానంతా సొంతది, చక్కగా సర్దుకున్నాడు. పడవ మీద ఆయన్ని చూసి, ఈయన పక్కన ఉంటే నాకేం భయం అనుకున్నాను. బడ్డీ చెక్ చేశామా అంటే చేశాం, పెళ్లిలో సంతకం పెట్టినట్టు.

14 మీటర్ల లోతులో, ఇసుక మీద, ప్రాక్టీస్ చేద్దామా అని ఆయనే సైగ చేశాడు. సరే అన్నాను. గొంతు మీద చెయ్యి లాగి, నా రెగ్యులేటర్ నోట్లోంచి తీసి, ఆయన ఆక్టోపస్ కోసం చెయ్యి చాపాను. అది ఉండాల్సింది గడ్డానికీ, పక్కటెముకలకీ మధ్య, రొమ్ము ముందు భాగంలో. అక్కడ లేదు. కింద చూశాను, లేదు. ఎడమవైపు చూశాను, లేదు. ఆయన తాపీగా జాకెట్ కుడి జేబు వెల్క్రో విప్పడం మొదలుపెట్టాడు. లోపల పసుపు గొట్టం మడతపెట్టి ఉంది. పది సెకన్లు పట్టిందేమో. ఆ పది సెకన్లు అయ్యేలోగా నేను నా రెగ్యులేటర్ మళ్లీ నోట్లో పెట్టేసుకున్నాను. నా సిలిండర్‌లో గాలి ఉంది కాబట్టి పెట్టుకోగలిగాను.

పైకి వచ్చాక అడిగాను, ఎందుకండీ జేబులో పెట్టారని. ఆయన చెప్పింది సబబుగానే ఉంది. వేలాడుతుంటే పగడాలకి తగులుతుంది, ఇసుక దూరుతుంది, అందుకే జేబులో పెడతాను, ఎక్కడుందో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు అన్నాడు. నిజమే, ఆయనకి తెలుసు. కానీ ఆ ఆక్టోపస్ ఆయన సిలిండర్‌కి తగిలించి ఉన్నా, దాన్ని వాడేది ఆయన కాదు. నేను. నాకు తెలియాలి. అది కూడా ఊపిరి అందని నాకు తెలియాలి. ఆయన తన అద్దం సర్దుకున్నాను అనుకుని నా బ్రేకు జరిపేశాడు.

ఇదే ఆలోచనని చివరిదాకా తీసుకెళ్లినవాళ్లు అమెరికాలో ఫ్లోరిడా గుహ డైవర్లు. అక్కడ భూమి కింద సున్నపురాయి కరిగి ఏర్పడిన నీటి సొరంగాలు కిలోమీటర్ల పొడవున ఉంటాయి. సముద్రంలో ఇబ్బంది వస్తే కనీసం పైకి వెళ్లే దారి ఉంటుంది. గుహలో తల మీద రాయి. 1970లలో అక్కడ చాలామంది చనిపోయారు. షెక్ ఎక్స్‌లీ అనే గుహ డైవర్ ఆ ప్రమాదాలన్నీ ఒక్కొక్కటీ పరిశీలించి 1979లో ఒక చిన్న పుస్తకం రాశాడు. చావులు తిప్పి తిప్పి కొన్ని కారణాల దగ్గరికే వస్తున్నాయని చూపించాడు. బయటిదాకా తెగకుండా వెళ్లే తాడు లేకపోవడం. తిరుగు ప్రయాణానికి మూడింట రెండు వంతుల గాలి మిగుల్చుకోకపోవడం. మామూలు గాలితో మరీ లోతుకి పోవడం. అక్కడి రూల్స్ అలా పుట్టాయి. ఆఫీసులో కూర్చుని ఎవరో రాసినవి కావు.

ఆ గుహల్లోనే విలియం హోగార్త్ మెయిన్ అనే డైవర్ సామాను సర్దుకునే ఒక పద్ధతి తయారైంది. ఆయన పేరు మీదే దాన్ని హోగార్థియన్ అంటారు. అనవసరమైంది ఒక్కటి కూడా ఒంటి మీద ఉండకూడదు, ఉన్న ప్రతి దానికీ ఒక చోటు ఉండాలి. తర్వాత వుడ్‌విల్ కార్స్ట్ ప్లెయిన్ ప్రాజెక్ట్ అనే అన్వేషణ బృందం దాన్ని జట్టు మొత్తానికీ తప్పనిసరి చేసింది. డూయింగ్ ఇట్ రైట్ అనే పేరు అక్కడి నుంచే వ్యాపించింది. ‘సరిగ్గా చేయడం’ అని. పేరులోనే మిగతావాళ్లకి చురక ఉంది చూడండి. 1998లో జారడ్ జబ్లాన్‌స్కీ పెట్టిన గ్లోబల్ అండర్‌వాటర్ ఎక్స్‌ప్లోరర్స్ సంస్థ ఆ పద్ధతిని గుహల బయట కూడా నేర్పించడం మొదలుపెట్టింది.

అందులో ఒక్క గొట్టం సంగతి చూద్దాం, మిగతాది అర్థమైపోతుంది. వాళ్లు గాలి అయిపోయిన బడ్డీకి పసుపు ఆక్టోపస్ ఇవ్వరు. నోట్లో ఉన్నదే తీసి ఇచ్చేస్తారు. ఎందుకంటే ఊపిరి ఆగిపోతున్న మనిషి పసుపు రంగు కోసం వెతకడు. ఎదుటివాడి నోట్లో బుడగలు వస్తున్నది కనిపిస్తుంది, దాన్నే లాక్కుంటాడు. ఎలాగూ లాక్కునేదే అయితే, దాన్నే పద్ధతిగా పెట్టుకుందాం అన్నారు. నోట్లో ఉన్నది పని చేస్తోందని, ఆ లోతులో పీల్చదగ్గ గాలే అని రుజువు కూడా అక్కడే ఉంది. మరి ఇచ్చినవాడికి? గడ్డం కింద మెడలో, ఎలాస్టిక్ తాడుకి దండలా రెండో రెగ్యులేటర్ వేలాడుతూ ఉంటుంది. తల వంచితే నోటికి అందుతుంది, చెయ్యి కూడా అక్కర్లేదు.

ఆ ఇచ్చే గొట్టం పొడవు సుమారు 2.1 మీటర్లు. అంత ఎందుకు? ఇరుకు సొరంగంలో ఇద్దరు పక్కపక్కన పోలేరు, ఒకరి వెనక ఒకరు పోవాలి. పైగా ఆ గొట్టం వీపు మీద ఉన్న రెండు వాల్వుల్లో కుడివైపు దానికే తగిలించాలి. ముందుకి ఈదుతుంటే గుహ పైకప్పుకి రాసుకుని ఎడమ వాల్వు మూసుకుపోయే వైపు తిరుగుతుంది, కుడి వాల్వు తెరుచుకునే వైపు తిరుగుతుంది. అందుకని బడ్డీ ప్రాణం ఆధారపడే గొట్టం కుడివైపు. నాకు ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు ఫోన్ పక్కన పెట్టి కాసేపు ఆలోచించాను. ఇంత చిన్న విషయం వెనక ఇంత లెక్క ఉందా అని.

ఇలా అందరూ ఒకేలా ఉండటం వల్ల ఏం వచ్చింది? 2007 డిసెంబర్‌లో జబ్లాన్‌స్కీ, కేసీ మెకిన్లే ఇద్దరూ టర్నర్ సింక్ అనే గుంటలో మునిగి వకుల్లా స్ప్రింగ్స్‌లో బయటపడ్డారు. మధ్యలో భూమి కింద దాదాపు 11 కిలోమీటర్ల నీటి సొరంగం, 80 మీటర్లకి పైగా లోతు. వాళ్ల వెనక పెద్ద సహాయక బృందం. అంత లోతు నుంచి ఒక్కసారిగా పైకి రాకూడదు, దారిలో గంటల తరబడి ఆగాలి. అక్కడ కిందకి వచ్చిన సహాయకుడు ఎవరైనా సరే, ఎదుటి డైవర్ ఒంటి మీద ఏది ఎక్కడుందో తడిమితే చాలు, తెలుస్తుంది. అందరిదీ ఒకటే కాబట్టి.

సిలిండర్ల మీద రాతల సంగతీ ఇలాంటిదే. లోతు డైవ్‌లకి వేర్వేరు గాలి మిశ్రమాలు తీసుకెళ్తారు. పైకి వచ్చేటప్పుడు పీల్చే స్వచ్ఛమైన ఆక్సిజన్‌ని 6 మీటర్ల కన్నా లోతులో పీలిస్తే ఫిట్స్ రావచ్చు. నీళ్లలో ఫిట్స్ అంటే రెగ్యులేటర్ నోట్లోంచి జారిపోవడం, అంటే మునిగిపోవడం. కొందరు సొంతంగా రంగుల గుర్తులు పెట్టుకునేవారు. లోతుకి పోయేకొద్దీ ముందు మాయమయ్యేది ఎరుపు రంగే. నా ఎరుపు సిలిండర్ ఇది అనుకుంటే అక్కడ అది బూడిద రంగు. అందుకే ఫ్లోరిడావాళ్లు రంగులు వదిలేసి, ఈ సిలిండర్ ఎంత లోతు వరకు పీల్చొచ్చో ఆ అంకె మాత్రమే పెద్దగా రాయమన్నారు. మార్చుకునే ముందు బడ్డీ ఆ అంకె చదివి సరే అనాలి. రాసింది మీ సిలిండర్ మీదే, చదివేది మాత్రం పక్కవాడు.

ఇక్కడిదాకా విని, అయితే అందరూ ఫ్లోరిడా పద్ధతే పాటిస్తే సరిపోతుంది కదా అనిపించొచ్చు. ఆ పద్ధతి అభిమానులు చాలామంది అలాగే అనుకున్నారు. వేరేలా సర్దుకున్నవాళ్లని ‘స్ట్రోక్’ అని తిట్టడం కూడా ఆ గుంపులో అలవాటైంది. నాకు నచ్చనిది అక్కడే. ఎందుకో చెప్తాను.

ఒక రూల్ తీసుకుందాం. టూరిస్ట్ పడవల మీద తరచూ వినేది: ‘గేజ్‌లో 50 బార్ చూపించగానే చెప్పండి, పైకి వచ్చేద్దాం.’ ఇది సరైన రూలేనా? లెక్క వేద్దాం, ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి.

12 లీటర్ల సిలిండర్. ఒకరి గాలి అయిపోయింది, ఇద్దరూ ఒకే సిలిండర్ మీద పైకి రావాలి. కంగారులో ఒక్కొక్కరు నిమిషానికి 30 లీటర్లు పీలుస్తారనుకుందాం, ఇద్దరికీ 60. నీళ్లలో ప్రతి 10 మీటర్లకీ ఒక బార్ ఒత్తిడి పెరుగుతుంది. 30 మీటర్ల లోతులో మొత్తం 4 బార్, అంటే ప్రతి ఊపిరికీ నాలుగింతల గాలి ఖర్చు. సమస్య అర్థమై సర్దుకోవడానికి ఒక నిమిషం: 240 లీటర్లు. నిమిషానికి 10 మీటర్ల చొప్పున పైకి రావడానికి 3 నిమిషాలు, సగటు ఒత్తిడి 2.5 బార్: 450 లీటర్లు. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగడానికి 270. మొత్తం 960 లీటర్లు. 12తో భాగిస్తే 80 బార్. 50 బార్ అంటే 600 లీటర్లే. ఒక్కడికి సరిపోతుంది. ఇద్దరికి మధ్యలోనే అయిపోతుంది.

అదే లెక్క 12 మీటర్ల లోతుకి వేయండి. దాదాపు 43 బార్ వస్తుంది. అంటే 50 బార్ రూల్ అబద్ధం కాదు, లోతు తక్కువ ఉన్నచోట పుట్టిన రూల్. దాన్ని 30 మీటర్లకి పట్టుకెళ్లినవాడు, రూల్ పాటిస్తున్నాననే ధైర్యంతోనే ఇరుక్కుంటాడు. అందరికీ ఒకటే ఉండాల్సింది 50 అనే అంకె కాదు, ఇద్దరూ పైకి రావడానికి సరిపడా గాలి అనే లెక్క. అంకె మీ సిలిండర్‌ని బట్టి, లోతుని బట్టి, మీరు ఎంత పీలుస్తారు అనేదాన్ని బట్టి మారుతుంది.

అలాగే 2.1 మీటర్ల గొట్టం. అది ఇరుకు గుహకి జవాబు. మరి అంతకన్నా ఇరుకైన గుహ అయితే?

ఇంగ్లండ్ గుహలు అలాంటివి. అక్కడ చాలావరకు పొడి గుహల్లోనే నడుస్తూ, పాకుతూ వెళ్తారు. మధ్యలో నీళ్లు నిండిన చిన్న చిన్న సొరంగాలు అడ్డం వస్తాయి. బురద నీళ్లు, చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నా కనపడదు, ఒక్క మనిషి కష్టం మీద దూరేంత సందు. అక్కడ బడ్డీ ఉన్నా వచ్చి సాయం చేయలేడు. పైగా దారికి అడ్డం అవుతాడు. అందుకే అక్కడి డైవర్లు ఒంటరిగా వెళ్తారు. వీపు మీద జంట సిలిండర్లు కుదరవు, చెరో పక్కన ఒక్కో సిలిండర్ కట్టుకుంటారు, దేని రెగ్యులేటర్ దానిదే. ఒకటి పాడైతే రెండోది. సామాను చాలావరకు సొంతంగా తయారు చేసుకుంటారు, తన ఒంటికి, తను దూరే సందుకి తగ్గట్టు. ఫ్లోరిడా లెక్క ప్రకారం చూస్తే వీళ్లు అన్నీ తప్పే చేస్తున్నారు.

2018లో థాయ్‌లాండ్ తామ్ లువాంగ్ గుహలో 12 మంది ఫుట్‌బాల్ పిల్లలు, వాళ్ల కోచ్ చిక్కుకున్నప్పుడు వాళ్లని కనిపెట్టింది ఎవరనుకుంటున్నారు? ఆ ‘తప్పు’ మనుషులే. జూన్ 23న లోపలికి వెళ్లిన పిల్లల్ని జూలై 2న రిక్ స్టాంటన్, జాన్ వొలాంథెన్ అనే ఇద్దరు బ్రిటిష్ గుహ డైవర్లు చూశారు. స్టాంటన్ రిటైరైన ఫైర్‌మ్యాన్, సొంత పరికరాలు కట్టుకోవడంలో దిట్ట. థాయ్ నేవీ డైవర్లు ధైర్యవంతులే, కానీ వాళ్ల సామాను, శిక్షణ సముద్రం కోసం. సిలిండర్లు చేర్చి తిరిగి వస్తూ సమాన్ కునాన్ అనే మాజీ నేవీ డైవర్ జూలై 6న ప్రాణం పోగొట్టుకున్నాడు.

అయితే కథలో నాకు ముఖ్యమైన భాగం ఆ తర్వాతిది. జీవితమంతా ఎవరి పద్ధతి వాళ్లది అని బతికిన ఈ మనుషులు, పిల్లల్ని బయటికి తేవాల్సి వచ్చినప్పుడు ఏం చేశారు? కూర్చుని ఒకే పద్ధతి రాసుకున్నారు. ప్రతి పిల్లవాడికీ ముఖం మొత్తం కప్పే మాస్క్, బయటి నీళ్లు లోపలికి రాకుండా లోపల ఎక్కువ ఒత్తిడి ఉండేది. రిచర్డ్ హారిస్ అనే ఆస్ట్రేలియా మత్తు డాక్టర్, ఆయన కూడా గుహ డైవరే, పిల్లలకి మత్తు ఇచ్చాడు. నీళ్లలో మెలకువ వచ్చి భయంతో మాస్క్ లాగేసుకోకుండా చేతులు వెనక్కి కట్టారు. ఒక డైవర్‌కి ఒక పిల్లవాడు. దారిలో మత్తు తగ్గితే మళ్లీ ఇవ్వడానికి ముందే నింపిన సిరంజిలు డైవర్ల దగ్గరే. లోపలికి పోయే ముందు స్విమ్మింగ్ పూల్‌లో, అదే వయసు స్థానిక పిల్లలతో రిహార్సల్ చేశారు. జూలై 8న నలుగురు, 9న నలుగురు, 10న కోచ్‌తో కలిపి ఐదుగురు. అందరూ బతికే బయటికి వచ్చారు.

డైవర్ తన పక్కకి కట్టుకున్న సిలిండర్లు ఎవరివి వాళ్లవే, ఎవరికి అలవాటైనవి వాళ్లకే. పిల్లవాడిని తాకే ప్రతి వస్తువూ, ప్రతి అడుగూ మాత్రం అందరిదీ ఒకటే. ఎక్కడ గీత గీయాలో వాళ్లకి బాగా తెలుసు. ఎందుకంటే ఆ పిల్లవాడికి సొంత చేతులు కూడా లేవు, ఉన్నవి కట్టేసి ఉన్నాయి.

గుహ డైవర్ల దగ్గరే ఈ గీతని చేత్తో పట్టుకుని చూడొచ్చు. వాళ్లు తాడు వెంట వెళ్తూ దాని మీద గుర్తులు తగిలిస్తారు. ఒకటి బాణం ఆకారం ప్లాస్టిక్ ముక్క. దాని మొన దగ్గరలో ఉన్న బయటి దారి వైపు చూపించాలి. బురద లేచి లైటు వెలుగు కూడా కనపడనప్పుడు వేళ్లతో తడిమి మొన ఎటుందో చూసుకుని బయటపడతారు. దాన్ని ఇంకోలా పెట్టే హక్కు ఎవరికీ లేదు. రెండోది గుండ్రంగా ఉంటుంది, కుకీ అంటారు. దానికి దిక్కు లేదు. దాని మీద డైవర్ తన పేరు అక్షరాలు రాసుకుంటాడు, ‘నేను ఇటు వెళ్లాను, ఇంకా తిరిగి రాలేదు’ అని తన జట్టుకి చెప్పడానికి. బాణం అందరిదీ. కుకీ నాది. రెండూ ఒకే తాడు మీద ఉంటాయి.

ఇప్పుడు మన పడవ దగ్గరికి వద్దాం. మనలో ఎక్కువమంది వెళ్లేది ఇలాంటి గుహలకి కాదు, అద్దె సామానుతో 12 మీటర్లకి, 18 మీటర్లకి. అక్కడ నేను చూసినంతలో తేడా రివర్స్‌లో జరుగుతుంది. మనిషిని బట్టి ఉండాల్సినవి అందరికీ ఒకటే ఇస్తారు, అందరికీ ఒకటే ఉండాల్సినవి ఎవరి ఇష్టానికి వాళ్లని వదిలేస్తారు.

బరువులు చూడండి. మునగడానికి నడుముకి సీసం కడతారు. ‘అందరికీ ఆరు కిలోలు’ అని కట్టేస్తారు. 50 కిలోల అమ్మాయికీ అంతే, 90 కిలోల మనిషికీ అంతే. ఎక్కువ బరువు కడితే దాన్ని మోయడానికి జాకెట్‌లో ఎక్కువ గాలి నింపాలి. ఆ గాలి లోతు మారిన ప్రతిసారీ ఉబ్బుతుంది, నలుగుతుంది. మనిషి కిందకీ పైకీ ఊగుతుంటాడు, అలసిపోతాడు, గాలి గబగబా తాగేస్తాడు. మీ ఒళ్లు, మీ సూట్ మందం, ఉప్పునీరా మంచినీరా, వీటిని బట్టి సరైన బరువు మారుతుంది. ఇంకోటి, నిండు సిలిండర్‌లో గాలికి కూడా దాదాపు మూడు కిలోల బరువు ఉంటుంది, అది డైవ్ చివరికి తగ్గిపోతుంది. అందుకే నీళ్లలో తేలి చూసి సరిచూసుకోవాలి. మీకు తగ్గట్టు చూడమని అడగండి, సిగ్గుపడొద్దు.

మాస్క్ కూడా అంతే. పట్టీ లేకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీలిస్తే అతుక్కుని నిలబడాలి. పక్కవాడికి సరిపోయింది మీకు కారిపోవచ్చు. మీసాలు బాగా పెంచినవాళ్లకి ఎలాగూ కొంచెం కారుతుంది, హీరో లుక్ కావాలంటే భరించాలి. కళ్లజోడు ఉన్నవాళ్లకి పవర్ ఉన్న మాస్కులు దొరుకుతాయి, ముందే అడగండి.

సైగలు మాత్రం పడవ పడవకీ మారుతున్నాయి. రెండు చేతులతో టీ ఆకారం పెడితే కొన్నిచోట్ల సగం గాలి మిగిలింది అని. అరచేయి కింద మూడు వేళ్లు పెడితే 3 నిమిషాలు ఆగుదాం అని. మసక నీళ్లలో ఆ రెండూ దాదాపు ఒకేలా కనపడతాయి. ఒకరు గాలి సగం అయింది అంటుంటే ఇంకొకరు సరే ఆగుదాం అనుకుంటారు.

జేబులో ఆక్టోపస్ సంఘటన తర్వాత నాకు ఒక అలవాటు వచ్చింది. నేనూ మెడలో దండలా రెగ్యులేటర్ పెట్టుకోవడం నేర్చుకున్నాను, బాగుంటుంది. కానీ మొదటిసారి దానితో టూరిస్ట్ పడవ ఎక్కినప్పుడు అర్థమైంది, ఆ పడవలో 12 మందికీ పసుపు ఆక్టోపస్‌లే ఉన్నాయి, తేడాగా ఉన్నది నేనొక్కడినే. ఎంత గొప్ప పద్ధతి అయినా పక్కవాడికి తెలియకపోతే, నా జేబు పెద్దాయనకీ నాకూ తేడా ఏముంది?

అందుకే ఇప్పుడు దూకే ముందు, ఎవరు నవ్వుకున్నా సరే, కొత్త బడ్డీని ఎదురుగా నిలబెట్టి చూపిస్తాను. ‘అండీ, మీకు గాలి అయిపోతే నా నోట్లో ఉన్నదే లాక్కోండి, నేనే ఇస్తాను. నాకు మెడలో ఇంకోటి ఉంది.’ తర్వాత ఆయన్ని అడుగుతాను, ‘నాకు అయిపోతే మీది ఎక్కడ ఉంది, చూపించండి’ అని. నోటితో చెప్తే ఒప్పుకోను. నా చేత్తో ఆ ఆక్టోపస్ పట్టుకుని, లాగి, ఒక ఊపిరి పీల్చి చూస్తాను. బరువు ఎలా విప్పాలో, ఎంత గాలి దగ్గర వెనక్కి తిరుగుతామో, సగం గాలికి ఏ సైగ చేస్తాడో అడుగుతాను. రెండు నిమిషాల పని. మొన్న ఒక కుర్రాడు ‘అన్నా, నాది షాపువాళ్లు పెట్టారు, ఎక్కడ పెట్టారో నాకూ తెలీదు’ అన్నాడు. ఇద్దరం కలిసి వెతికాం. సిలిండర్‌కీ వీపుకీ మధ్య ఇరుక్కుని ఉంది. తీసి రొమ్ము ముందు క్లిప్‌కి పెట్టాం, అప్పుడు దూకాం.

సరే అండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.